అన్నా, స్కోరెంత?

హైదరాబాద్ నుంచి నాందేడ్ పోయే జాతీయ రహదారి మీద తెలంగాణ కొసన ఉంటుంది మద్నూర్. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. కాస్త పక్కకు తిరిగితే కర్ణాటక. చుట్టూ నల్లరేగడి, పత్తి, సోయా. ఇక్కడ అంగట్లో బేరం తెలుగులో మొదలై మరాఠీలో తెగుతుంది. మధ్యలో కన్నడం దొర్లినా, ఉర్దూ దొర్లినా ఎవరూ తల తిప్పి చూడరు. 1956లో రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు పక్కనున్న దెగ్లూర్ తాలూకా రెండు ముక్కలైంది. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇటు వచ్చాయి, దెగ్లూర్ అటు పోయింది. చుట్టరికాలు మాత్రం తెగలేదు. 2016లో నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజన్ కింద చేరినా అంతే. పిల్లనివ్వడానికి, సంతకు, జాతరకు, కుస్తీకి ఈ ఊళ్లవాళ్లు హద్దు దాటుతూనే ఉంటారు.

ఇలాంటి నేల మీద పెరిగినవాడు దుబాయ్ పోతాడు, దమ్మామ్ పోతాడు, దోహా పోతాడు. పాస్‌పోర్టు, వీసా, అకామా (నివాస పత్రం) అనే హద్దులకు ముందే సిద్ధపడి పోతాడు. సిద్ధపడని హద్దు ఒకటి ఉంది. రాత్రి డ్యూటీ దిగి, మంచం మీద కూలబడి, ఇంట్లో తమ్ముడు చూస్తున్న మ్యాచే తానూ చూద్దామని ఫోన్ తెరుస్తాడు. మీరున్న దేశంలో ఈ ప్రసారం లేదని తెర మీద నాలుగు ముక్కలు వస్తాయి. బంతి అదే, జట్టు అదే, జెండా అదే. చూసే మనిషి మాత్రం వేరే పటంలో ఉన్నాడు.

గల్ఫ్ వలస మీద మనవాళ్లు చాలా రాశారు. అప్పులు, ఏజెంట్లు, శవపేటికలు. రాయాల్సినవే. కానీ పన్నెండు గంటలు ఎండలో పనిచేసినవాడు సాయంత్రం ఏం కోరుకుంటాడన్నది కూడా అంతే పెద్ద విషయమని నా నమ్మకం. డబ్బు పంపడానికి బ్యాంకు ఉంది, మాట్లాడటానికి ఫోన్ ఉంది. ఇంటివాళ్లతో కలిసి ఒకే క్షణంలో ఒకే సంగతికి ఉలిక్కిపడటానికి, అరవటానికి, తిట్టుకోవటానికి ఉన్నది ఆట ఒక్కటే. సినిమా ఎప్పుడైనా చూడొచ్చు. చివరి ఓవర్ మాత్రం అది పడుతున్నప్పుడే చూడాలి.

శుక్రవారాల షార్జా

ముందు ఒక ముచ్చట చెప్పాలి. గల్ఫ్‌లో మన ఆట టీవీతో మొదలు కాలేదు, ఆటే నడిచి అక్కడికి వచ్చింది. అబ్దుల్ రహ్మాన్ బుఖాతిర్ అనే వ్యాపారి షార్జా ఇసుకలో మైదానం కట్టించి 1981 ఏప్రిల్‌లో గవాస్కర్ జట్టుకు, మియాందాద్ జట్టుకు పోటీ పెట్టించాడు. 1984లో మొట్టమొదటి ఆసియా కప్ అక్కడే జరిగింది, మనమే గెలిచాం. అప్పటికి ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి బొంబాయి మీదుగా గల్ఫ్‌కు పోయేవాళ్ల వరస మొదలై పదేళ్లు కావస్తోంది.

షార్జా తేదీలు కొన్ని చూడండి. 1985 మార్చి 22న మనం 125కే ఆలౌటై, పాకిస్థాన్‌ను 87కే పడగొట్టాం. 1986 ఏప్రిల్ 18న చేతన్ శర్మ వేసిన చివరి బంతిని మియాందాద్ సిక్సర్ కొట్టాడు. 1991 అక్టోబర్ 25న ఆకిబ్ జావెద్ వరస బంతుల్లో రవిశాస్త్రి, అజహరుద్దీన్, టెండూల్కర్‌లను ఎల్బీడబ్ల్యూ చేశాడు. 1998 ఏప్రిల్ 24న టెండూల్కర్ తన పుట్టినరోజు నాడు ఆస్ట్రేలియా మీద 134 కొట్టి కప్పు తెచ్చాడు. ఈ నాలుగూ శుక్రవారాలే. గల్ఫ్‌లో సెలవు రోజు. ఆ మైదానం గట్ల మీద నిండిన జనంలో దక్షిణాసియా కూలీలు, డ్రైవర్లు, దుకాణాల గుమస్తాలు ఉండేవారు.

1998లో ఆ ఫైనల్‌కు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 22న, మ్యాచ్ మధ్యలో ఇసుక తుఫాను లేచింది. ఆటగాళ్లు నేల మీద పడుకున్నారు. నాలుగు ఓవర్లు తగ్గించి లక్ష్యం మార్చారు. టెండూల్కర్ 143 కొట్టాడు, మ్యాచ్ ఓడినా ఫైనల్‌కు చేరాం. ఆ ఇన్నింగ్స్ గురించి చెప్పుకొనేవాళ్లలో చాలామంది మరచిపోయే సంగతి ఏమిటంటే, అవతలి కొసన నిలబడి వందకు పైగా భాగస్వామ్యం ఇచ్చింది హైదరాబాద్ కుర్రాడు లక్ష్మణ్. జట్టు కెప్టెన్ హైదరాబాద్ అజహరుద్దీన్. ఫైనల్లో అతను 58 కొట్టాడు. షార్జా, దుబాయ్ క్యాంపుల్లో ఉన్న తెలుగువాళ్లకు ఆ వారం టీవీలో కనిపించిన దుమ్మే కిటికీ సందుల్లోంచి గదిలోకీ వచ్చింది.

ఇక్కడ మన ఊళ్లలో ఆ మ్యాచ్‌లు చూసిన కలర్ టీవీల్లో గల్ఫ్ నుంచి మోసుకొచ్చినవి తక్కువేం కాదు. పరుపుచుట్ట, టేప్‌రికార్డర్, దుప్పట్లతో పాటు టీవీ పెట్టె కూడా దిగేది. వాడకట్టంతా ఆ ఇంటి అరుగు మీద చేరేది. కెమెరా జనం మీదికి తిరిగిన ప్రతిసారీ ఇంటి ముసలమ్మ ముందుకు వంగి, తన కొడుకు కనిపిస్తాడేమోనని వెతికేది. ఆ రోజుల్లో దూరంగా ఉన్న ఆటను చూసింది ఇంటివాళ్లు, దగ్గర ఉన్నది వలసపోయినవాడు. తర్వాత ఈ వరస తిరగబడింది.

2000 అక్టోబర్ 29న షార్జాలో శ్రీలంక మీద మనం 54కే కుప్పకూలాం. ఫిక్సింగ్ గొడవల తర్వాత 2001లో కేంద్ర ప్రభుత్వం అలాంటి తటస్థ వేదికల మీద ఆడొద్దంది. షార్జాలో మన జట్టు వన్డేలు ఆగిపోయాయి. మన జట్టు మైదానానికి రాకుండా పోతే బుఖాతిర్ ఏం చేశాడో చూడండి. 2002లో దుబాయ్ నుంచి టెన్ స్పోర్ట్స్ చానల్ పెట్టాడు. ఆట గట్టు మీద నుంచి తెర మీదికి మారింది. ఆ చానల్ కథ మళ్లీ వస్తుంది.

బస్సులో పోయే ఇన్నింగ్స్

ఐపీఎల్ మ్యాచ్ మనకు రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది. అప్పుడు దుబాయ్, మస్కట్‌లలో ఆరు గంటలు. రియాద్, కువైట్, దోహాల్లో ఐదు. సరిగ్గా డ్యూటీ దిగే వేళ. సైటు దగ్గర కంపెనీ బస్సు కోసం వరసలో నిలబడి, ట్రాఫిక్‌లో కునికి, క్యాంపు చేరేసరికి మొదటి ఇన్నింగ్స్ సగం పోతుంది. ఆ బస్సులో ఫోన్‌లో డేటా మిగిలినవాడు ఒకడుంటాడు. వెనక సీటు నుంచి, పక్క సీటు నుంచి ఒకటే మాట. "అన్నా, స్కోరెంత?" తెలుగువాడు అడిగినా, మలయాళీ అడిగినా, పఠాన్ అడిగినా, బంగ్లా కుర్రాడు అడిగినా స్కోరు అన్న మాట మారదు. వీడియో ఆడనివ్వని నెట్‌లో కూడా బంతి బంతికీ అక్షరాల్లో వచ్చే స్కోరు నడుస్తుంది. ఒక చుక్క అంటే పరుగు లేదు, డబ్ల్యూ అంటే గుండె జారింది. ఆ అక్షరాల నుంచే ఆటను మనసులో కట్టుకుంటారు.

క్యాంపుకు చేరాక స్నానాల వరస, వంట వంతు. మెస్‌లో ఆ రోజు కూర ఎవరి వంతో వాడికి రెండో ఇన్నింగ్స్ కూడా ఉల్లిపాయల మధ్యే పోతుంది. కొన్ని గదుల్లో చందా వేసుకుని కొన్న టీవీ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఉన్న గదిలో ఆరు మంచాలు, మూడు భాషలు, ఒక రిమోట్. ఇండియా–పాకిస్థాన్ మ్యాచ్ రోజున కలగలుపు క్యాంపుల్లో పెద్దవాళ్లు పాటించే మర్యాద ఒకటుంది. గెలిచినప్పుడు గట్టిగా అరిచినా మరీ మీదికి పోరు. రేపు ఉదయం అదే పరంజా మీద ఇద్దరూ ఒకే తాడు పట్టుకోవాలి.

ఈ పూట కూడా దొరకనివాళ్లున్నారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లకు వారపు సెలవే పెద్ద మాట. వాళ్ల తీరిక కథ ఎవరైనా వేరే రాయాలి, తప్పకుండా రాయాలి.

ఫోన్‌లో ప్రసారం దొరకనప్పుడు ఇళ్లలో కనిపెట్టిన ఉపాయం అందరికీ తెలిసిందే. ఇమోలోనో, బోటిమ్‌లోనో కాల్ కలిపి, ఫోన్‌ను టీవీ ముందు స్టూలు మీద చెంబుకు ఆనించి పెడతారు. తెర మీద చారలు, వెలుగు ఎక్కువై ఆటగాళ్ల ముఖాలు తెల్లబోతాయి. మధ్యలో పిల్లవాడు అడ్డంగా నడిచిపోతాడు, అమ్మ గిన్నె చప్పుడు, వీధిలో కుక్క. క్యాంపులో మంచం మీద పడుకున్నవాడు ఇదంతా చూస్తాడు. బొమ్మ బాగాలేదని ఫిర్యాదు చేసేవాడిని నేను చూడలేదు. అధికారిక ప్రసారం ఎంత తేటగా ఉన్నా అందులో ఆ గిన్నె చప్పుడు ఉండదు.

యాప్ దొరికినవాడికి ఇంకో చిక్కు. ఊళ్లో డిష్ టీవీలో బంతి కొన్ని సెకన్ల ఆలస్యంతో పడుతుంది. యాప్‌లో అయితే దృశ్యాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, కుదించి, సర్వర్ల గుండా పంపి, ఫోన్‌లో కొంత నిల్వ చేసుకుని అప్పుడు ఆడిస్తారు. అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వెనకబడుతుంది. అందుకే తమ్ముడు ఊళ్లోంచి "పోయిందన్నా" అని మెసేజ్ పెట్టేటప్పటికి అన్న ఫోన్‌లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టి ఉండడు. చాలామంది మ్యాచ్ చివరి ఓవర్లలో వాట్సాప్ మూసేసి కూర్చుంటారు. ఇంటితో కలిసి చూడాలని మొదలుపెట్టినవాడు ఇంటి మాట వినకుండా ఉండాల్సి వస్తుంది.

అమెరికా తెలుగువాళ్ల సంగతి వేరు. డాలస్‌లో ఐపీఎల్ ఉదయం తొమ్మిదికి, ఆఫీసు మీటింగుల వేళకు వస్తుంది. మన టెస్టు మ్యాచ్‌ల కోసం రాత్రి నిద్ర చెడగొట్టుకోవాలి. అది కూడా దూరమే. కానీ నెలకింత కట్టి విల్లో చానల్ తెచ్చుకోగలడు, రికార్డు పెట్టుకోగలడు, ఒకరోజు సెలవు పెట్టగలడు. క్యాంపువాడికి ఈ మూడూ లేవు. ప్రవాసులను గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ ఇద్దరినీ ఒకే మాటలో కలిపేస్తుంటాం.

సిరాజ్ కన్నీళ్లు

2020లో ఒక విచిత్రం జరిగింది. కరోనాతో పనులు పోయిన తెలంగాణ కూలీలు మే నెల నుంచి వందే భారత్ విమానాల్లో ఎడారి నుంచి ఇంటికి వస్తుంటే, సెప్టెంబర్‌లో ఐపీఎల్ ఇంటి నుంచి ఎడారికి పోయింది. మ్యాచ్‌లన్నీ దుబాయ్, అబూదాబి, షార్జాల్లోనే. స్టేడియాల్లో మనిషి లేడు. ఆట జరిగే ఊళ్లోనే ఉన్న తెలుగువాడు కూడా ఫోన్‌లోనే చూశాడు. నవంబర్ 3న షార్జాలో ముంబై మీద హైదరాబాద్ సన్‌రైజర్స్ 10 వికెట్ల తేడాతో గెలిచిన రాత్రి, ఆ ఖాళీ గట్లను చూసి పాతవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించగలను.

ఆ సీజన్‌లోనే అక్టోబర్ 21న అబూదాబిలో బెంగళూరు జట్టు తరఫున మహమ్మద్ సిరాజ్ 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. అందులో రెండు మెయిడెన్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు అంతకుముందు ఎవరూ వేయలేదు. హైదరాబాద్ ఆటో డ్రైవర్ మహమ్మద్ గౌస్ కొడుకతను. ఐపీఎల్ అయ్యాక ఇంటికి రాకుండా గల్ఫ్ నుంచే జట్టుతో ఆస్ట్రేలియా పోయాడు. నవంబర్ 20న తండ్రి చనిపోయాడు. సిరాజ్ క్వారంటైన్‌లో ఉన్నాడు. వెళ్తానంటే పంపిస్తామని క్రికెట్ బోర్డు చెప్పింది. అతను ఉండిపోయాడు. 2021 జనవరి 7న సిడ్నీలో జనగణమన వినిపిస్తున్నప్పుడు అతని కళ్ల వెంట నీళ్లు కారాయి. అప్పుడు గల్ఫ్ గడియారాల్లో ఇంకా తెల్లవారలేదు.

మనం ఆ దృశ్యాన్ని దేశభక్తిగా చూశాం, కొడుకు ప్రేమగా చూశాం. క్యాంపుల్లో దాన్ని చూసినవాళ్లకు ఇంకొకటి కూడా తెలుసు. తండ్రి పోయినప్పుడు కఫీల్ (అక్కడి యజమాని) సంతకం దొరకక, టికెట్‌కు డబ్బు లేక, సెలవు రాక, అంత్యక్రియలను వీడియో కాల్‌లో చూసిన కొడుకులు మన పల్లెల్లో ఉన్నారు. పాడె లేస్తుంటే ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి పట్టుకుంటారు. ఆ కొడుకు కూడా మరుసటి రోజు డ్యూటీకి ఎక్కాడు. అతని కన్నీళ్లను ఏ కెమెరా చూపలేదు. సిరాజ్ ముఖంలో వాటిని చూసుకున్నాడు. జనవరి 18న బ్రిస్బేన్‌లో సిరాజ్ 5 వికెట్లు తీశాడు, మర్నాడు మనం సిరీస్ గెలిచాం. అతను ఇంటికి వచ్చి విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లలో కూడా అలా ఇంటికన్నా ముందు పొలం గట్టుకో, శ్మశానానికో పోయేవాళ్లుంటారు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కథలో ఇదే దూరం ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ సౌదీలో ఉద్యోగం చేశారు. తనూ ఆటగాడే. పిల్లల చదువు, ఆట చూసుకోవాలని సౌదీ వదిలి ఇంటికి వచ్చేశారు. కూతురికి బాక్సింగ్ రింగ్ దొరికింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పోంగ్ జుతామాస్‌ను 5–0తో ఓడించి నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. ఇస్తాంబుల్ గడియారం, రియాద్ గడియారం ఒకటే సమయం చూపిస్తాయి. ఆ సాయంత్రం రియాద్‌లో ఉన్న నిజామాబాద్ వాళ్లకు లెక్కలు కట్టే పని లేకపోయింది. బిడ్డ ఆటను దూరం నుంచి చూడకూడదని వచ్చేసిన తండ్రి నిర్ణయం ఎంత పెద్దదో, ఆ జీతం వదులుకోలేక అక్కడే ఉండిపోయినవాళ్లకే బాగా తెలుస్తుంది.

2025 సెప్టెంబర్ 28న, ఊళ్లలో బతుకమ్మ ఆడుతున్న రోజుల్లో, దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్థాన్ ఇచ్చిన 147 లక్ష్యానికి 20 పరుగులకే 3 వికెట్లు పోయాయి. హైదరాబాద్ ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ నిలబడి 69 నాటౌట్. చివరి ఓవర్‌లో పది కావాలి, హారిస్ రవూఫ్ బంతిని సిక్సర్ కొట్టాడు. ఆ పూట ఆదివారం. 2022 నుంచి యూఏఈ సెలవు శని, ఆదివారాలకు మారింది. షార్జా శుక్రవారాల తర్వాత తెలుగు కుర్రాడికి ఎడారిలో దొరికిన గొప్ప సెలవురోజు అదే.

హక్కుల పటం

ఇప్పుడు టెన్ స్పోర్ట్స్ దగ్గరికి రావాలి. 2004 మార్చిలో మన జట్టు పాకిస్థాన్ వెళ్లింది. ప్రసార హక్కులు దుబాయ్ నుంచి నడిచే ఆ చానల్‌వి. కేబుల్ లేని కోట్ల ఇళ్లకు మ్యాచ్ ఎలా అందాలన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి, దూరదర్శన్‌కు ప్రసారం ఇవ్వాల్సి వచ్చింది. మార్చి 24న లాహోర్‌లో లక్ష్మణ్ 107 కొట్టి సిరీస్ గెలిపించిన ఆటను పల్లెల్లో మామూలు యాంటెన్నాతో చూశారు. అలాంటి తగాదాలు మళ్లీ రావడంతో 2007లో చట్టమే వచ్చింది. దేశానికి ముఖ్యమైనవిగా గుర్తించిన పోటీలను ఎవరు కొన్నా సరే ప్రసార భారతితో పంచుకోవాలి. దూరదర్శన్ యాంటెన్నాకు, ఉచిత డిష్‌కు అవి ఉచితం.

నాకు ఇది మన దేశం చేసిన మంచి చట్టాల్లో ఒకటి. ఆట చూడటం డబ్బున్నవాడి సరదా మాత్రమే కాదని రాసుకున్న చట్టం. కానీ అది హద్దు దగ్గర ఆగిపోతుంది. దుబాయ్ చానల్ మీద వచ్చిన తగాదాతో మద్నూర్‌లో ఉన్నవాడికి హక్కు దొరికింది. అప్పట్లో ఆ చానల్ ఆఫీసు ఉన్న దుబాయ్‌లో ఇటుకలు మోసే మద్నూర్ మనిషికి దొరకలేదు. ఐపీఎల్‌కైతే ఆ చట్టం ఇక్కడ కూడా వర్తించదు.

2022 జూన్‌లో ఐపీఎల్ ప్రసార హక్కులను ఐదేళ్లకు వేలం వేస్తే 48,390 కోట్లు వచ్చాయి. అందులో విదేశాలన్నిటికీ కలిపి పలికింది వెయ్యి కోట్లకు కాస్త పైన. మధ్యప్రాచ్యం, అమెరికా హక్కులు టైమ్స్ ఇంటర్నెట్‌కు పోయాయి, బ్రిటన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వయాకామ్‌18కు. ఒక్కో దేశానికి ఒక్కో యజమాని. ఇంటి దగ్గర రీచార్జితో పాటు వచ్చిన యాప్ శంషాబాద్‌లో విమానం ఎక్కి గల్ఫ్‌లో దిగగానే ఎందుకు పనికిరాకుండా పోతుందో ఈ పటం చూస్తే అర్థమవుతుంది. తెలుగువాడు ఉదయ్ రెడ్డి 2006లో పెట్టిన యప్‌టీవీ లాంటివి కొన్నేళ్లు కొన్ని దేశాలకు ఐపీఎల్‌ను చేర్చాయి. హక్కులు చేతులు మారినప్పుడల్లా చూసేవాడు కొత్త యాప్, కొత్త చందా వెతుక్కోవాలి.

తప్పుడు దారులు తెలియనివాడు లేడు. అందుకే గట్టిగా చెప్పాలి. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాచడానికో ఐపీ చిరునామా మార్చి చూపితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌లు. అప్పు తీర్చడానికి పోయినవాడు ఒక మ్యాచ్ కోసం ఆ ఊబిలోకి దిగకూడదు. ఇక దొంగ లింకుల్లో ఆట కంటే బెట్టింగు ప్రకటనలే ఎక్కువ. ఇంటికి పంపాల్సిన డబ్బు ఒక్క రాత్రిలో ఆవిరయ్యే దారి అక్కడే మొదలవుతుంది. కానీ చట్టబద్ధమైన దారి పేదవాడి జేబుకు అందకుండా ఉన్నంతకాలం దొంగదారికి గిరాకీ తగ్గదు. ఆ బాధ్యత హక్కులు అమ్మినవాళ్లది, కొన్నవాళ్లది కూడా.

ఎవరూ వేలం వేయని ఆట

మద్నూర్ చుట్టుపక్కల జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. జాతర చివరి పూట ఊరి బయట మట్టి తవ్వి మెత్తగా చేస్తారు. దెగ్లూర్ నుంచి, నాందేడ్ నుంచి, బీదర్ వైపు నుంచి పైల్వాన్లు వస్తారు. మొదట కొబ్బరికాయ కుస్తీ, చిన్నపిల్లలు పట్టేది. గెలిచినవాడికి కొబ్బరికాయే బహుమతి. తర్వాత వంద, రెండు వందలు, వెయ్యి అని పందెం పెరుగుతూ పోయి, పొద్దుగూకే వేళకు ఆఖరి జోడి వెండి కడెం కోసం దిగుతుంది. డప్పు దెబ్బ మారిన కొద్దీ జనం గుండ్రం చిన్నదవుతూ వస్తుంది. పైల్వాన్ ఏ రాష్ట్రంవాడన్నది ఎవరికీ పట్టదు, వీపు మట్టికి అంటిందా లేదా అన్నదే లెక్క. ఇది మరాఠ్వాడా నుంచి ఇటు దాకా పరుచుకున్న ఒకే సంప్రదాయం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత పతకం తెచ్చిన ఖాశాబా జాధవ్ మహారాష్ట్ర పల్లె మట్టిలో ఇలాగే కుస్తీ నేర్చినవాడు.

ఈ కుస్తీకి ఇప్పుడు ప్రసారం ఉంది. ఊరి కుర్రాడు ఒకడు గట్టు మీదో, ట్రాక్టర్ మీదో నిలబడి ఫోన్‌లో లైవ్ పెడతాడు. చేయి వణుకుతుంది, ఎవరి తలో అడ్డం వస్తుంది, సిగ్నల్ పోయి మళ్లీ వస్తుంది. కింద దమ్మామ్ నుంచి, అజ్మాన్ నుంచి కామెంట్లు. "కొంచెం ఎడమకు తిప్పు తమ్మీ." "సర్పంచ్ పక్కన ఉన్నది మా నాయనేనా?" అక్కడివాడు పైల్వాన్‌తో పాటు గుంపును కూడా చూస్తాడు. ఎవరు ముసలివాళ్లయ్యారు, ఎవరి పిల్లలు ఎంత ఎదిగారు, ఎవరు కనిపించడం లేదు. కబడ్డీ కూడా ఇంతే. టీవీలో తెలుగు టైటాన్స్ ఆటను 2014 నుంచి చూస్తున్నారు. 2018 జూన్‌లో దుబాయ్‌లోనే మాస్టర్స్ కబడ్డీ జరిగి ఫైనల్లో ఇరాన్ మీద మనవాళ్లు గెలిచారు. అయినా ఊరి బడి వెనక జరిగే కబడ్డీ లైవ్ వస్తే ముందు దాన్నే చూస్తారు.

వేల కోట్ల ఆట ఒక దేశం దాటి ఇంకో దేశంలో ఉన్న తన మనిషిని చేరలేకపోతోంది. కొబ్బరికాయ పందెం చేరుతోంది. కారణం సాంకేతికత కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. రెండింటికీ అదే ఫోన్, అదే నెట్.

కాబట్టి అడగాల్సిన చోట అడగాలి. 2022 చివర్లో ఖతర్ ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరిగినప్పుడు దోహా ఇండస్ట్రియల్ ఏరియా పక్కన, ఏషియన్ టౌన్ క్రికెట్ మైదానంలో పెద్ద తెరలు పెట్టి వేలాది కూలీలకు మ్యాచ్‌లు చూపించారు. ఆ స్టేడియాలు కట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. లోపలికి పోలేకపోయినా, ఆ తెర ముందు కూర్చున్నారు. ఫుట్‌బాల్‌కు అయింది క్రికెట్‌కు ఎందుకు కాదు? మన రాయబార కార్యాలయాల దగ్గర ప్రవాస భారతీయ సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది. కాన్సులర్ సేవలకు కూలీలు కూడా కట్టే రుసుము నుంచే అది నిండుతుంది. ఆపదలో ఉన్నవాళ్లకు ఖర్చు పెట్టడం దాని మొదటి పని, అందులో తేడా రాకూడదు. సామూహిక సంక్షేమ కార్యక్రమాలకు కూడా దాని నిబంధనల్లో చోటుంది. ఇండియా ఆడే ఫైనల్ రోజున పెద్ద క్యాంపుల్లో ఒక తెర, ఒక ప్రొజెక్టర్, హక్కుదారుతో ఒక ఒప్పందం. అంతకు మించి కావాల్సింది లేదు.

రెండోది ఇంకా సులువు. ఐపీఎల్ ప్రస్తుత హక్కుల గడువు 2027తో ముగుస్తుంది. తర్వాతి వేలానికి బోర్డు పత్రాలు రాసేటప్పుడు గల్ఫ్ దేశాల హక్కులు కొనేవాడికి ఒక షరతు పెట్టొచ్చు. లేబర్ క్యాంపులకు సామూహిక ప్రసారం ఉచితంగా ఇవ్వాలి, ఒక్క మ్యాచ్‌కు కొనుక్కునే చిన్న పాస్ ఉండాలి, తెలుగు వ్యాఖ్యానం ఉండాలి. స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ 2018 చివర్లో మొదలైనప్పటి నుంచి మన భాషలో వ్యాఖ్యానం ఎలాగూ తయారవుతోంది, దాన్ని సముద్రం దాటించడానికి కొత్తగా అయ్యే ఖర్చు ఎంత? తెలంగాణ ప్రభుత్వం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, నిజామాబాద్, జహీరాబాద్, కరీంనగర్ ఎంపీలు ఈ మాట ఇప్పుడే రాసి పంపాలి. టెండర్ పత్రం అచ్చయ్యాక అడిగితే వినేవాడుండడు.